కేతనుడికి వినపడిందా?

గురువారం పొద్దున పదిన్నరకు ఫోనులోని కథల యాప్‌లో సీరియల్ కొత్త భాగం వస్తుంది. ఆ వేళకు నర్మద బియ్యం కడిగి ఎసట్లో పోసి, పొయ్యి సన్నం చేసి, ఫోను పట్టుకుని మామ రాజలింగు కుడిపక్కన కూర్చుంటుంది. ఎడమపక్క కూర్చుంటే లాభం లేదు. ఆ చెవి ఎప్పుడో పోయింది. కుడిచెవిలో మిషన్ పెట్టుకుంటే గట్టిగా అరిచిన మాటలు మాత్రం లోపలికి పోతాయి. ఆ కారణంగా శ్రీరాంపూర్ కాలనీలో ఆ క్వార్టర్ల వరుసకంతా ‘ఏడు పొరల రాజ్యం’ కథ తెలుసు. కావాలని విన్నవాళ్ళు కొందరైతే, తప్పించుకోలేక విన్నవాళ్ళు ఎక్కువ. రాకుమారి పొగమంచు గుర్రమెక్కి నాలుగో పొర దాటే ఘట్టాన్ని కూడా నర్మద కూరగాయల బేరం ఆడే గొంతుతోనే చదువుతుంది. ఇంకో గొంతుతో చదివితే రాజలింగుకు వినపడదు మరి.

కావాలని వినేవాళ్ళలో మొదటి మనిషి పక్క క్వార్టరు సత్తవ్వ. మధ్య గోడకు పీట ఆనించుకుని వింటుంది. బాయి మీద ల్యాంపు రూములో ఆమెకు పని. బొగ్గు బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చి, వాళ్ళు ఎక్కి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. పంతొమ్మిదేళ్ళ కింద పెనిమిటి అంతయ్య బాయిలో కప్పు కూలి చనిపోతే, ఆయన బదులు కంపెనీ ఇచ్చిన ఉద్యోగం అది. గురువారం ఫస్టు షిఫ్టు పడితే ఎవరినో బతిమాలి సెకండు షిఫ్టుకు మార్చుకుంటుంది. ఎందుకమ్మా అని అడిగితే మోకాళ్ళ నొప్పులంటుంది.

కథ రాసే ఆయన పేరు శ్యాంసుందర్. మొహం ఎవరూ చూడలేదు, గొంతు మాత్రం అందరికీ తెలుసు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి గంటసేపు ఆ యాప్‌లోనే మాట్లాడతాడు. పాఠకులు వారమంతా ప్రశ్నలు పెడతారు, వాటికి మిగతావాళ్ళు గుండె గుర్తులు కొడతారు, గుండెలు ఎక్కువ పడ్డవాటికి ఆయన జవాబు చెబుతాడు. ఆ జవాబంటే అభిమానులకు కోర్టు తీర్పే. కథలో ఎక్కడా రాయకపోయినా ఆదివారం నోటితో చెప్పాడంటే జరిగిపోయినట్టే లెక్క. నర్మద ఆ జవాబులన్నీ పాత నోటుబుక్కులో గొలుసుకట్టుగా రాసుకుని, పొద్దుగూకేలోపు టైపు చేసి అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఆ గ్రూపులో కరీంనగర్ వాళ్ళున్నారు, భైంసా వాళ్ళున్నారు, దుబాయి నుంచి చూసేవాళ్ళున్నారు. ఒక్కరికీ ఆమె మొహం తెలియదు గానీ ఆదివారం ఆమె ఆలస్యం చేస్తే అందరూ అల్లాడిపోతారు. పెళ్ళయి వచ్చిన ఈ పన్నెండేళ్ళలో ఆమె కోసం ఇంతమంది ఎదురుచూసింది ఇంకెక్కడా లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ గురువారం భాగం ఐదో పొరలో నడిచింది. అక్కడ భూమి కింద మణులు తవ్వుతారు. తవ్వేవాళ్ళు లోపలికి పోయే ముందు నాదకుడనేవాడు వెండి పొన్ను వేసిన కర్రతో గుహ కప్పును కొట్టి చూసి, వచ్చిన చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెబుతాడు. కేతనుడనే నాదకుడు ఆ పొద్దు కొట్టి చూసి ‘నిలుస్తుంది’ అన్నాడు. నలభై మంది లోపలికి పోయారు. కప్పు కూలింది. నలభై మందీ పోయారు. కేతనుడు బయట నిలబడి ఉన్నాడు. భాగం చివర శ్యాంసుందర్ ఒక వాక్యం విడిగా రాశాడు: ‘కేతనుడు ఎందుకు అలా చెప్పాడు, అతనికేం శిక్ష, ఆదివారం చెబుతాను.’

“అయిపోయింది మామా” అని నర్మద ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

రాజలింగు మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆయన చెయ్యి ఎప్పుడూ దేనికో ఒకదానికి ఆని ఉంటుంది. వంటింటి బండ మీద చెయ్యి పెట్టి కుక్కరు ఎన్ని కూతలు వేసిందో చెబుతాడు. తలుపు మీద చెయ్యి పెట్టి బయట లారీ వచ్చిందంటాడు.

“మల్ల చదువు” అన్నాడు.

“మొత్తం చదువాల్నా?”

“కప్పు కొట్టిన కాడ.”

నర్మద మళ్ళీ చదివింది. మూడోసారీ చదివించుకున్నాడు. ఇంత చిన్న ముక్కలో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. రాకుమారి ముచ్చట వచ్చినప్పుడు కునుకు తీసే మనిషి ఈయన.

“జనమేమంటుండ్రు?”

“ఏమంటరు, తిడుతుండ్రు. ద్రోహి అంటుండ్రు. శత్రువుల కాడ బంగారం తీస్కొని అబద్ధం చెప్పిండంటుండ్రు. ఉరి తియ్యాలెనని ఒకలు, కాల్చాలెనని ఒకలు.”

నర్మద అన్నం గంజి వార్చి వచ్చేసరికి రాజలింగు అలాగే కూర్చుని ఉన్నాడు.

“ఆ రాసేటాయనను మనం గూడ అడుగచ్చునా?”

“అడుగచ్చు. ఏమడుగుతవ్?”

ఆయన వాకిలి వైపు చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. తగ్గించాననుకున్నాడు పాపం. చెవిటివాళ్ళ గుసగుస వీధి నల్లా దాకా వినపడుతుంది. “కేతనుడు అబద్ధమాడిండా, లేకుంటె ఆ చప్పుడు ఆయనకు ఇనవడలేదా? గిది అడుగు.”

గోడకావల పీట జరిగిన చప్పుడైంది. అది రాజలింగుకు ఎలాగూ తెలియదు. నర్మద పట్టించుకోలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేసి, కింద ‘రాజలింగు, శ్రీరాంపూర్’ అని పెట్టింది.

మర్నాటి పొద్దుటికి ఆ ప్రశ్నకు పద్నాలుగు గుండెలు పడ్డాయి. రాకుమారి ఎవరిని పెళ్ళి చేసుకుంటుందన్న ప్రశ్నకు రెండు వేల మూడు వందలు. రాజలింగు గంటకోసారి ‘ఎన్నయినయ్’ అని అడిగేవాడు. పంచాయతీ ఎలక్షన్ల లెక్కింపు కాడ కూడా ఆ మనిషి అంత ఆత్రపడింది లేదు. నర్మదకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. మధ్యాహ్నం గ్రూపులో రాసింది: ‘ఇది మా మామ ప్రశ్న. ఏడాదిన్నర నుంచి కథ వింటున్నా ఒక్కటి కూడా అడగలేదు. జర అందరూ తలా ఒక గుండె కొట్టండి.’

గ్రూపు పెద్ద భానుప్రసాద్. కరీంనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. వెంటనే మెసేజి పెట్టాడు. ‘నర్మదక్క ఎన్నడూ ఏమీ అడగలేదు. ఆమె లేకపోతే మనకు జవాబులెక్కడివి? కొట్టండి అందరూ.’ కొట్టారు. సాయంత్రానికి ఆరు వందలు దాటాయి. గుండెలతోపాటు వ్యాఖ్యలూ వచ్చాయి. నర్మద సంబరంగా మామ కుడిపక్క చేరి ఒక్కొక్కటే చదవసాగింది.

“మంచి ప్రశ్న అన్నరు మామా. భైంసా నుంచి ఎవరో. ఇంకొకలు, కేతనుడికి చెవుడనే ఆలోచనే రాలేదన్నరు. ఇగ గీయన చూడు, ‘చెవిటోడయితే రెండుసార్లు ఉరి తియ్యాలి, ఒకటి చంపినందుకు, ఇంకొకటి చెవుడు దాచి...’” నవ్వుతూ చదువుతున్నదల్లా మామ మొహం చూసి ఆగింది.

రాజలింగు చెవిలోంచి మిషన్ తీసి, అంగీ జేబులో వేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. సెకండు షిఫ్టు చేసి వచ్చిన కొడుకు రాకేశ్ ‘బాపుకేమైంది’ అంటే నర్మద తెలియదన్నది. నిజంగానే తెలియదు.

శనివారం రాకేశ్ డ్యూటీకి పోయాక ఆమె వంటింట్లో కుడుము పిండి కలుపుతుంటే రాజలింగు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిషన్ పెట్టుకున్నాడు. చేతిలో గొడుగు కర్ర ఉంది.

“ఆ రాసేటాయనకు బాయి పని తెల్వది” అన్నాడు. “కప్పు కొట్టుడంటే వట్టిగ చెవుతోటి ఇనుడే అనుకుంటుండు.”

“మరెట్ల మామా?”

ఆయన కర్ర ఎత్తి వంటింటి స్లాబును కొట్టాడు. ఒకచోట, మూరెడు జరిగి ఇంకోచోట, ఇంకా జరిగి పొగ పట్టిన మూల. కొట్టేటప్పుడు మనిషి మారిపోయాడు. నడుం నిటారుగా అయింది, కాళ్ళు ఎడంగా పెట్టాడు, మీద నుంచి ఏదన్నా ఊడిపడితే తప్పుకోవడానికి వీలుగా ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు. అరవై ఐదేళ్ళ మనిషి, పొద్దంతా మంచం పట్టుకుని ఉండేవాడు, ఇంత కుదురుగా నిలబడగలడని నర్మద అనుకోలేదు.

“గట్టి రాయి కంగుమంటది. పొర ఇడిసిన రాయి డొల్ల చప్పుడు జేస్తది. ఇప్పుడు నువ్వు కొట్టు.”

నర్మద పిండి చేతులు కొంగుకు తుడుచుకుని కర్ర తీసుకుంది. మూలకు పోయి కొట్టింది. అక్కడ సిమెంటు పూత పట్టు విడిచినట్టుంది, చప్పుడు తేడాగా వచ్చింది. “డొల్లగ ఉంది మామా.”

“నువ్వు కొడుతనే ఉండు.” ఆయన స్టూలు మీదికెక్కి అరచెయ్యి ఎత్తి స్లాబుకు ఆనించాడు. వేళ్ళు విడదీసి, కళ్ళు మూసుకున్నాడు. “ఆఁ. ఇక్కడ అదురుతంది. గట్టి కప్పు అదరది. పొర ఇడిసింది అదురుతది. చెయ్యికి తెలుస్తది.”

“చెవుకు?”

ఆయన కళ్ళు తెరిచి, స్లాబు మీంచి చెయ్యి తీశాడు. నర్మద కర్ర దించింది. మూడు రోజులుగా ఈ మనిషి కేతనుడి గురించి ఎందుకు పరేషాన్ అవుతున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె గొంతు దానంతటదే తగ్గిపోయింది, మళ్ళీ పెంచి అడగాల్సి వచ్చింది.

“అంతయ్య మామ పోయిననాటికే నీకు ఇనవడకపోతుండెనా?”

రాజలింగు స్టూలు దిగి, దాని మీదే కూర్చున్నాడు. “అప్పటికి మూడేండ్ల సంది. డ్రిల్లు మిషన్ల కాడ చేసి చేసి పోయింది. చెప్తే అన్‌ఫిట్ అని పైకి పంపుతరు. అప్పట్ల కొడుకులకు నౌకరి ఇచ్చుడు లేకుండె. రాకేశ్ బడిల ఉన్నడు. చెయ్యి పెట్టి చూసుకుంట నడిపిచ్చిన. మూడేండ్ల ఒక్కటి తప్పు పోలే.” అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “ఆ దినం తవ్విన జాగ ఎత్తుగుండె. కర్ర అందింది. చెయ్యి అందలే. జానెడు తక్కువైంది. నిచ్చెన దెమ్మంటె ఎందుకని అడుగుతరు. కొట్టిన. మంచిగనే ఉందనుకున్న. సున్నం గీత గీసిన.”

బాయిలో కప్పు కొట్టి చూసే టింబరుమన్‌గా రాజలింగు సున్నంతో గీత గీశాడంటే కింద పనిచేసుకోవచ్చని అర్థం. ఆ కప్పు కింద అంతయ్య ఒక్కడే పోయాడు. ఎంక్వైరీలో ఎవరి తప్పూ లేదని రాశారు. భూమి లోపల ఏ రాయి ఎప్పుడు విడుస్తుందో ఎవరికి తెలుసని రాశారు. తర్వాత పన్నెండేళ్ళకు రూలు మారినప్పుడు అదే చెవుడు చూపించి రాజలింగు అన్‌ఫిట్ అయ్యాడు, ఆ ఉద్యోగం రాకేశ్‌కు వచ్చింది. తను తింటున్న అన్నంలో ఆ చెవుడు కూడా ఉందని నర్మదకు ఆ పొద్దే మొదటిసారి తట్టింది.

“సత్తవ్వకు చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న” అన్నాడు రాజలింగు. “గోడకావలనే ఉంటది. పండుగకు సకినాలు పెడుతది. ‘అన్నా’ అని పిలుస్తది. నోరు రాలే. ఆ రాసేటాయన ‘కేతనుడికి ఇనవడలేదు, పాపం’ అని ఒక్కమాటంటె, గప్పుడు చెప్తనేమో అనుకున్న.”

కథలో మనిషికి పడే శిక్షతో తన శిక్ష తూచుకుందామని కూర్చున్న మనిషికి ఏం చెబుతారు? ‘అది ఉత్త కథ మామా’ అనడానికి ఆమెకే నోరు రాలేదు. ఆమె కూడా ఆ కథను నమ్ముకునే గురువారాలు లెక్కపెట్టుకుంటున్నది.

ఆదివారం రాకేశ్ ప్లే డే డ్యూటీకి పోయాడు. సెలవునాడు పనిచేస్తే జీతం ఎక్కువ వస్తుంది గనక ఎవరూ వదులుకోరు. నర్మద మూడున్నరకే నోటుబుక్కు, పెన్ను, చార్జింగు పెట్టిన ఫోను సిద్ధం చేసుకుంది. రాజలింగు స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. నాలుగుకు ఐదు నిమిషాలు ఉందనగా వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది.

సత్తవ్వ వచ్చింది. ఏడాదిన్నరలో ఆమె ఎప్పుడూ గోడకావల నుంచి విన్నదే గానీ ఇలా లోపలికి వచ్చి కూర్చున్నది లేదు. ఆమెను చూడగానే రాజలింగు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“నేను గూడ ఇంట బిడ్డా” అన్నది సత్తవ్వ నర్మదతో. “కేతనుని ముచ్చట చెప్తడట గద.” చాప వద్దని గుమ్మం పక్కన ఉత్త నేల మీదే కూర్చుంది.

ఫోన్లో శ్యాంసుందర్ గొంతు మొదలైంది. మెత్తటి గొంతు, మధ్య మధ్య మంచినీళ్ళు తాగుతున్న చప్పుడు. పొగమంచు గుర్రం ఏం తింటుందో చెప్పాడు. రాకుమారి పెళ్ళి సంగతి ఇంకో వారం దాకా చెప్పనన్నాడు. కింద గుండెలు, ఏడుపు బొమ్మలు వరదలా పోతున్నాయి. నర్మద రాస్తున్నదే గానీ ఏం రాస్తున్నదో ఆమెకే తెలియదు. రాజలింగుకు ఫోను మాటలు మిషన్లో గరగరమంటాయి తప్ప అర్థం కావు. ఆయన నర్మద పెన్ను వైపే చూస్తున్నాడు.

“శ్రీరాంపూర్ నుంచి రాజలింగు గారు” అన్నాడు శ్యాంసుందర్. “కేతనుడు అబద్ధమాడాడా, లేక వినపడలేదా అని అడిగారు. బావుందండీ, ఎవరూ ఇలా ఆలోచించలేదు. కాకపోతే చెవుడు అనేది నాకు మరీ తేలిక దారి అనిపిస్తుంది. ఒక్కసారి ఆలోచించండి. వినపడనివాణ్ణి నలభై మంది ప్రాణాలకు కాపలా పెడతారా? పక్కన పనిచేసేవాడికైనా తెలియకుండా ఉంటుందా? తెలిసి ఊరుకున్నాడంటే వాడూ దోషే కదా. కాదండీ. కేతనుడికి వినపడింది. చక్కగా వినపడింది. బంగారం తీసుకుని నోరు మూసుకున్నాడు. వచ్చే గురువారం వాణ్ణి తిరిగిరాని ఏడో పొరలోకి తోసేస్తున్నాం, అందరూ హాయిగా నిద్రపోవచ్చు.” నవ్వి, తర్వాతి ప్రశ్నకు పోయాడు.

నిమిషం కూడా పట్టలేదు. ఆయన తప్పేముంది, ఆయన కథ ఆయనిష్టం. ఇక్కడ ఒక గదిలో ముగ్గురు ఊపిరి బిగబట్టి కూర్చున్నారని ఆయనకెలా తెలుస్తుంది?

“ఏమన్నడు?” అన్నాడు రాజలింగు.

నర్మద ఫోను గొంతు తగ్గించింది. ‘మన ప్రశ్న రాలేదు మామా’ అందామనుకుంది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది.

“ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా” అన్నది సత్తవ్వ.

నర్మద ఆయన కుడిచెవి దగ్గరికి వంగింది. “ఇనవడ్డదంట మామా. ఇనవడ్డా గానీ చెప్పలేదంట. ద్రోహి అంట.”

రాజలింగు తల ఆడించాడు. “ఇనవడ్డదా” అన్నాడు. “గట్లయితె ఆయన నయం. ఆయనకు శిక్షన్న ఉన్నది.” తర్వాత సత్తవ్వ వైపు తిరిగాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. “సత్తవ్వా, నీకొక ముచ్చట చెప్పాలె. ఇన్నేండ్లు చెప్పలే. ఆ దినం కప్పు కొట్టింది నేను. నాకు అప్పటికే చెవు లేదు.”

“తెలుసు” అన్నది సత్తవ్వ.

ఆమె మెల్లగా అన్నది. ఆయనకు వినపడలేదు. “మూడేండ్ల సంది లేదు. దాచిన. చెయ్యి పెట్టి చూసుకునేటోణ్ణి.”

“తెలుసన్నా.”

“ఆ జాగల చెయ్యి అందలే. నిచ్చెన అడుగకుంట గీత గీసిన. అంతయ్య నన్ను నమ్మి కిందికి వోయిండు. ఆయనకు గూడ తెల్వకుంట దాచిన. దోస్తును మోసం చేసిన.” గొంతు ఎక్కడ పెరుగుతున్నదో, ఎక్కడ తగ్గుతున్నదో ఆయనకు తెలియడం లేదు. ఆమె ‘తెలుసు, తెలుసు’ అంటూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. నర్మద ఆ రెండు మాటల మధ్య కూర్చుని ఏడ్చింది.

సత్తవ్వ నేల మీంచి లేచింది. వచ్చి మంచం మీద ఆయన కుడిపక్కన కూర్చుంది. నర్మద గబగబా పోయి వాకిలి తలుపు వెయ్యబోతే “ఉండనియ్యి” అన్నది. తర్వాత ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ల్యాంపు నెంబర్లు పిలిచే గొంతుతో చెప్పింది.

“అంతయ్యకు తెలుసన్నా. నువ్వు చెయ్యి పెట్టి చూసుడు ఆయన చూసిండు. ఇంటికొచ్చి నాతోని చెప్పిండు. రాజన్నకు చెవు పోయింది, ఎవలకు చెప్పకు, నువ్వు చూసినంక నలుగురు రాకముందే వెనుకనుంచి నేనొకసారి కొట్టి చూస్తన్న అన్నడు. మూడేండ్లు గట్లనే చేసిండు.”

రాజలింగు ఆమె మొహంలోకి చూశాడు. మూడేళ్ళు ఒక్కటి కూడా తప్పు పోలేదని నిన్న నర్మదతో చెప్పుకున్నాడు కదా. అది ఆయన చెయ్యి గొప్పతనం కాదని ఇప్పుడు తెలిసింది.

“ఎంక్వైరీల నన్ను గూడ అడిగిండ్రు” అన్నది సత్తవ్వ. “నాకేం తెల్వదన్న. తెలుసంటె, మీ ఆయన తెలిసి దాచిండు, తప్పు ఆయనది గూడ అంటరు. నాకు నౌకరియ్యరు. గా భయానికి నోరు మూసుకున్న. నిన్ను కాపాడుదామని గాదన్నా, నా బతుకు కోసమే.”

“మరి ఆ దినం ఎందుకు కొట్టలే?” అన్నాడు రాజలింగు. ఇంకేమీ అడగలేదు, అదొక్కటే అడిగాడు.

సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసింది. ఈ మాట ఆమె ఏ ఎంక్వైరీలోనూ చెప్పలేదు, కన్నబిడ్డలకు చెప్పలేదు.

“నేనే ఆపిన. మూడు దినాలకు నల్లా వచ్చింది ఆ పొద్దు. నాకు జరమొచ్చి ఉంటి. రెండు బిందెలు పట్టిచ్చి పొమ్మన్న. ఆలస్యమైతందే అన్నడు. రెండు బిందెలకు ఏమైతదన్న. పట్టిచ్చి ఉరికిండు.”

రాజలింగు తల వంచుకున్నాడు. “నేను గీత గీసినంక వచ్చిండు” అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు, వీధికంతా వినపడేలా. “‘రాజన్నా, చూసినవా’ అన్నడు. చూసిన అన్న. కర్ర చేతిల పట్టుకొని నా దిక్కు చూసిండు. అందరు ఉన్నరు. ఇగ కొట్టలే.”

గీత పడ్డాక నలుగురి ముందు మళ్ళీ కొడితే రాజలింగు మీద నమ్మకం లేదన్నట్టే. ఎందుకు లేదని అడుగుతారు. దోస్తు పరువు కోసం అంతయ్య కర్ర దించి లోపలికి పోయాడు. అది అక్కడున్న ముగ్గురికీ అర్థమైంది, ఎవరూ నోటితో అనలేదు. ఫోన్లో శ్యాంసుందర్ ఏదో చెబుతుంటే జనం గుండెలు కొడుతూనే ఉన్నారు. నర్మద దాన్ని బోర్లా పెట్టింది. ఆదివారం జవాబులు ఆ వారం గ్రూపుకు అందలేదు.

రాజలింగు తలెత్తాడు. “రెండు బిందెలేనా?”

“రెండే.”

“జరమొచ్చినోళ్ళు నీళ్ళు పట్టియ్యమనకుంటె ఇంకెవల్ని అడుగుతరు చెల్లె? ఇల్లన్నంక నీళ్ళు వద్దా? గది తప్పెట్లయితది?”

పంతొమ్మిదేళ్ళు ఆమె ఈ మాట కోసం ఎదురుచూసిందని ఆమెకే తెలియదేమో. మోకాళ్ళలోకి తల దోపుకుని ఏడ్చింది. రాజలింగు ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి, వేళ్ళు విడదీసి అలాగే ఉంచాడు. ఆమె ఏడుపు ఆయనకు వినపడదు. చెయ్యికి తెలుస్తున్నట్టుంది.

ఇక ఆమె కూడా ఆయనతో అలాంటి మాట ఒకటి అంటుందని నర్మద ఎదురుచూసింది. నీది కూడా తప్పు కాదన్నా అంటుందని. సత్తవ్వ కళ్ళు తుడుచుకుంది, ఆయన మొహం వంక చూసింది, పెదాలు కదిలాయి గానీ ఆ మాట రాలేదు. పోయింది ఆమె మొగుడు మరి. ఎంత మంచిదైనా మనిషే గదా. లేచి కొంగు సర్దుకుని, వాకిట్లో చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాకా వచ్చిన నర్మద చెయ్యి పట్టుకుంది.

“వచ్చే గురువారం ఆ కేతనుణ్ణి తోసేసేది చదువకు బిడ్డా” అన్నది మెల్లగా. “అన్న తట్టుకోడు.”

“అడిగితె ఏం చెప్పాలె అత్తా?”

“ఆ కథల వాళ్ళు గూడ వదిలిపెట్టిన్రని చెప్పు.”

మంచం మీంచి రాజలింగు మెడ సాచి చూస్తున్నాడు. “ఏమంటున్నదే?” అని కేకేశాడు.

నర్మద వెనక్కి వచ్చి ఆయన కుడిపక్కన కూర్చుంది. ఆయన చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది.

“పోయొస్తనంటున్నది మామా.”